కీబోర్డా, మాడ్యూలా: మా ఇంట్లో నెల రోజుల పంచాయితీ

శ్రీరామనవమి రాత్రి మా వీధి గుడిలో భజన మంచి ఊపులో ఉండగా మా కీబోర్డులో రెండు కీలు మూగబోయాయి. మూడోదాని సంగతి ఇంకా ఘోరం. మెల్లగా తాకినా మైకు పగిలేలా అరిచింది. మా మామ హార్మోనియం మీద చెయ్యి తీయకుండానే మా పెద్దోడి వైపు ఒక్క చూపు చూశారు. వాడు తల దించుకుని, ఆ మూడు కీలనూ తప్పించుకుంటూ ఎలాగో పాట గట్టెక్కించాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అనేశాడు: "అమ్మా, ఇంక ఈ కీబోర్డులు వద్దు. ఈసారి మాడ్యూలే కొందాం."

ఆ మాటతో మొదలైన పంచాయితీ నెల రోజులు నడిచింది. అందులో నేను ఏ పక్షమో, ఎందుకో చెప్పాలని ఇది రాస్తున్నా. నేను సంగీతం నేర్చినదాన్ని కాదు. ఇంట్లో డబ్బు ఎటు పోతుందో చూసుకుంటాను, వంటింట్లోంచి అందరి వాయింపూ వింటాను. ఈ విషయంలో మాట్లాడటానికి ఆ రెండూ చాలవా?

మాది పరిగి, హిందూపురం పక్కన. రెండెకరాల మల్బరీ, ఒక పురుగుల షెడ్డు. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు పోయి డబ్బు చేతికొస్తేనే మాకు ఏ ఖర్చుకైనా ముహూర్తం. మా మామ వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించారు, ఇప్పుడు శనివారం భజనలకు వాయిస్తున్నారు. పెద్దోడు హిందూపురంలో బీకాం చదువుతూ పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాతో పోతాడు. చిన్నది తొమ్మిదో తరగతి. అన్న లేనప్పుడు ఆ కీబోర్డు దానిదే. ఈ పంటలో ఖర్చులన్నీ పోను ఒక నలభై వేలు మిగిలింది. అందులో ఎంత దీనికి పోవాలన్నదే గొడవ.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. అరేంజర్ కీబోర్డు అంటే మనం గుళ్లలో, పెళ్లిళ్లలో చూసేదే. కీలు, స్పీకర్లు, తబలా డోలక్ రిథమ్‌లు అన్నీ ఒకే ఒంట్లో ఉంటాయి. ఎడమచేత్తో ఒక కార్డు పట్టుకుంటే వెనక బేసు, గిటారు, రిథమ్ అన్నీ దానికి తగ్గట్టు వాటంతట అవే మారిపోతాయి. సౌండ్ మాడ్యూల్ అంటే కీలు లేని పెట్టె. చూడటానికి పాతకాలం వీసీఆర్‌లా ఉంటుంది. లోపల శబ్దాలు మాత్రమే ఉంటాయి. వేరే కీబోర్డు నుంచి "ఫలానా కీ ఇంత బలంగా నొక్కారు" అని మిడి తీగలో కబురొస్తే ఇది పలుకుతుంది. 1983లో వచ్చిన ఈ మిడి పద్ధతి వల్ల ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకో కంపెనీ పెట్టెకు అర్థమవుతుంది. తీగలో పోయేది కబురే, శబ్దం కాదు. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి వారం పట్టింది. చివరికి మా చిన్నది చెప్పింది: "కీబోర్డు ఆర్డరు తీసుకునే సప్లయరు, మాడ్యూలు లోపలుండే వంట మాస్టరు. అంతేమ్మా."

మావాడు మనసు పడ్డ పెట్టె రోలాండ్ జేవీ-1080. 1994లో వచ్చింది, వాడికన్నా పెద్దది. ఒకేసారి 64 స్వరాలు పలుకుతుందట. 16 భాగాలుగా విడగొట్టి ఒక్కో దాంట్లో ఒక్కో వాద్యం పెట్టుకోవచ్చు. లోపల అదనపు శబ్దాల బోర్డులు నాలుగు గుచ్చుకోవచ్చు, అందులో ఆసియా వాద్యాల బోర్డు కూడా ఒకటుంది. ఆ బోర్డుతో సహా బెంగళూరులో ఒకాయన 28 వేలు చెప్పాడు. వినకుండా నో అనడం న్యాయం కాదని, ఒక ఆదివారం పొద్దున రైలెక్కి నేనూ వెళ్లాను.

నిజం చెప్పాలి. శబ్దంలో మావాడే గెలిచాడు. అదే రోజు ఒక షాపులో పాతికవేల అరేంజర్ కీబోర్డులూ విన్నాం. వాటిలో వయొలిన్ల గుంపు సన్నగా, అట్టపెట్టె లోపలినుంచి వస్తున్నట్టు ఉంది. ఆ ముప్పై ఏళ్ల ముసలిపెట్టెలో అదే గుంపు గదంతా నిండింది. నాకే వెనక్కి తిరిగి చూడాలనిపించింది. మావాడు నా మొహం చూసి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు కదా.

కానీ రైల్లో తిరిగొస్తూ ఒకటి ఆలోచించాను. నేనా శబ్దం విన్నది మూసిన గదిలో, మంచి స్పీకర్లలో. మా గుడి దగ్గర ఉన్నవి వేపచెట్టుకు కట్టిన రెండు హారన్లు. అవి కింది బరువు శబ్దాన్నీ మింగేస్తాయి, పైన ఉండే సన్నటి మెరుపునూ మింగేస్తాయి. మిగిలేది మధ్యలో ఉండే గొంతు ఒక్కటే. అక్కడ పాతికవేల కీబోర్డుకీ లక్ష రూపాయల పెట్టెకీ తేడా చెప్పగలిగినవాళ్లు మా వీధిలో లేరు, నాతో సహా. కల్యాణమండపాల్లో పెద్ద బాక్సులు పెట్టే ఆర్కెస్ట్రాకి మాత్రం తేడా తెలుస్తుంది. అందుకే ఎక్కడ వాయిస్తారో చెప్పకుండా ఏది మంచి సౌండు అని అడిగితే జవాబు ఉండదు.

ఇంకొకటి, మన శబ్దాలు. యమహా పీఎస్ఆర్-ఐ500, కేసియో సీటీ-ఎక్స్870ఐఎన్ లాంటివి మన దేశం కోసమని తయారుచేసిన మోడళ్లు. సితార్, హార్మోనియం లాంటి టోన్లతో పాటు మన రిథమ్‌లు అందులోనే ఉంటాయి. ఐ500లో రియాజ్ అని ఒక బటనుంది. నొక్కితే తంబూరా, తబలా మొదలవుతాయి, కూర్చుని పాడుకోవచ్చు. జేవీలో ఆసియా బోర్డు పెట్టినా తబలా శబ్దం దొరుకుతుంది గానీ దానంతట అది నడిచే రిథమ్ దొరకదు. వాయించేవాళ్లు కావాలి, లేదా సీక్వెన్సరులో ఎక్కించి పెట్టుకోవాలి.

అలాగని ఆ రిథమ్‌లు మనకు అచ్చుగుద్దినట్టు సరిపోతాయనీ కాదు. షాపులో రూపక్ అని పేరు చూసి మామ కోసమని రికార్డు చేసి పంపాను. సాయంత్రం ఫోన్లో ఒకటే నవ్వు. "ఏమమ్మా, ఒక కాలు ఎక్కువొచ్చిందే దీనికి!" హిందుస్తానీ రూపక్ ఏడు మాత్రలు. మన రూపకం ఆరుతో తిరుగుతుంది. మామ తాళం వేసుకుంటూ కూర్చుంటే ప్రతి ఆవృత్తానికీ చెయ్యి ఒకచోట, తబలా ఒకచోట. దాదరా పెట్టుకుంటే ఆరు వస్తుందని మావాడు కనిపెట్టాడు. మా కన్నడ, తెలుగు భజనలకు ఎక్కువగా కావాల్సింది ఎనిమిది మాత్రల కెహర్వా. దానితో ఏ చిక్కూ లేదు.

మామకు అసలు ఈ రెండింటి మీదా గౌరవం లేదు. గమకం పలకని పెట్టెలు అంటారు. నేను వాదించను గానీ, ఆయన ఒళ్లో ఉన్న హార్మోనియాన్నీ ఒకప్పుడు ఇదే మాట అని ఆకాశవాణి 1940లో గుమ్మం బయట పెట్టింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఈ సంగతి మావాడు ఎక్కడో చదివి తాతకు చెప్పాడు. ఆయన కాసేపు ఊరుకుని, "దాన్ని వాయించేవాళ్లు మానలేదు గదా" అన్నారు. కీబోర్డు పక్కన స్వరాన్ని జార్చే చిన్న చక్రం ఉంటుంది. దానితో మా చిన్నది కొద్దిగా గమకం తెప్పిస్తుంది. అది విన్నప్పుడు మాత్రం ఆయన ఒక చెవి ఇటు వేస్తారు.

ఇక ధర. మాడ్యూలు 28 వేలు అన్నది చెప్పుకోడానికి. చీర ధరలో జాకెట్టు కుట్టుకూలి, ఫాలు ఖర్చు కలపనట్టు. నేను పాలలెక్క రాసే పుస్తకం తీసి రాశాను. పెట్టె 28,000. దానికి కబురు పంపడానికి శబ్దం లేని మిడి కీబోర్డు 14,000. ఇంట్లో వినడానికి రెండు స్పీకర్లు, చిన్న మిక్సరు తక్కువలో తక్కువ 12,000. జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ సరుకు కాబట్టి అది నడిచేది 100 వోల్టుల మీద, మన గోడలో ఉన్నది 230. మధ్యలో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు 1,500. తీగలు ఒక వెయ్యి. మొత్తం 56,500. అరేంజర్ అయితే కీబోర్డు 25,000, స్టాండు, కవరు, కాలితో తొక్కే పెడలు కలిపి మూడు వేలు. 28 వేలతో ఆట ముగిసింది.

మావాడు ఊరుకుంటాడా? "కొత్త మిడి కీబోర్డు ఎందుకు, మన పాతది బాగుచేయించి దానితో నడిపిస్తా. స్పీకర్లు, మిక్సరు ఆర్కెస్ట్రావాళ్లకు ఉన్నాయి" అన్నాడు. ఆ లెక్కా సరైనదే అనిపించి ఒప్పుకోబోయాను. వాడు ఆన్‌లైన్లో ఏడువందలు పెట్టి యూఎస్‌బీ మిడి కేబులు తెప్పించాడు. హిందూపురంలో స్నేహితుడి మాడ్యూలుకు తగిలించి చూశారు. చడీచప్పుడు లేదు. రెండు గంటలు బటన్లన్నీ నొక్కాక తెలిసింది. మా పాత కీబోర్డుకు ఉన్నది కంప్యూటరుకు తగిలించే చదరపు యూఎస్‌బీ మాత్రమే. పాత మాడ్యూళ్లకు ఉండేది అయిదు సూదుల గుండ్రటి మిడి. ఆ కేబులు ఒక చివర కంప్యూటరు ఉంటేనే పనిచేస్తుంది. ఇక్కడ కీబోర్డూ కంప్యూటరు కోసమే ఎదురుచూస్తోంది, కేబులూ కంప్యూటరు కోసమే ఎదురుచూస్తోంది. ఇద్దరు పెళ్లికొడుకుల్ని పీటల మీద కూర్చోబెట్టినట్టు. మధ్యలో హోస్టు అని ఇంకో పెట్టె కావాలి, దానికి మరో అయిదారు వేలు. ఇప్పుడొచ్చే చవక అరేంజర్లలో చాలావాటికి కూడా గుండ్రటి మిడి ఉండదు. మాడ్యూలు కొనాలనుకునేవాళ్లు ముందు తమ కీబోర్డును వెనక్కి తిప్పి చూడండి.

ఆ 100 వోల్టుల సంగతీ నాకు కాస్త భయమే. ఇంట్లో అయితే జాగ్రత్తగా ఉంటాం. వినాయకుడి మంటపం దగ్గర కరెంటు చూసుకునే పిల్లాడికి ఇవన్నీ ఎవరు చెబుతారు? ప్లగ్గు కనిపిస్తే బోర్డులో పెట్టేస్తాడు. అక్కడితో 28 వేలు పొగ.

మూడోది సపోర్టు. షాపులో ఈ మాటకు వారంటీ కార్డు చూపిస్తారు. మా అనుభవం వేరు. పాత కీబోర్డు మొదటిసారి మొరాయించినప్పుడు కొన్నచోటికే పంపాం. ఆరు వారాలు పెట్టుకుని, తుడిచి, అలాగే తిరిగి పంపారు. ఈసారి మా ఆయన హిందూపురంలో టీవీలు బాగుచేసే అతని దగ్గరికి పట్టుకెళ్లారు. నేనూ వెళ్లాను. మూత విప్పితే ఒక బల్లి గుడ్డు పెంకు, షెడ్డులోంచి వచ్చిన సున్నం దుమ్ము. ఒక్కో కీ కింద రబ్బరు పట్టీ మీద రెండేసి నల్ల బొడిపెలు ఉంటాయి. కీ నొక్కితే ముందొకటి, వెంటనే రెండోది కిందికి తగులుతాయి. ఆ రెండింటి మధ్య ఎంత సేపు పట్టిందో లెక్కగట్టి మనం మెల్లగా నొక్కామో గట్టిగా నొక్కామో కీబోర్డు తేల్చుకుంటుంది. బొడిపెలకు దుమ్ము పడితే లెక్క తప్పుతుంది. ఒక కీ అరవడానికి, ఒక కీ మూగబోవడానికి కారణం ఇంతే. ఆయన స్పిరిట్టుతో తుడిచి రెండు కీలకు మాట తెప్పించాడు, నాలుగు వందలు. మూడోదాని రబ్బరు చిరిగిపోయింది. ఆ మోడలు పట్టీ ఇప్పుడు ఎక్కడా దొరకలేదు.

ఇక్కడ మాడ్యూలుకు న్యాయం చెయ్యాలి. దానికి కీలే లేవు, అరగడానికి రబ్బరూ లేదు. ముప్పై ఏళ్లు ఊరికే బతికాయా అవి! లోపల మనం పెట్టుకున్న సెట్టింగులు గుర్తుంచుకునే బిళ్ల బ్యాటరీ ఒకటి అయిపోతుంది, అది పరిగిలో కూడా దొరుకుతుంది. స్క్రీను వెనక వెలుతురు మసకబారుతుంది. అంతకు మించి పాడైతే మాత్రం దిక్కులేదు. కంపెనీ తయారీ మానేసి చాలాకాలమైన పెట్టెకు లోపలి చిప్పు ఎవరిస్తారు? పైగా దాన్ని వాడటం నేర్పేవాళ్లు మా చుట్టుపక్కల లేరు. రెండు వరుసల స్క్రీనులో మెనూ లోపల మెనూ. అరేంజర్ కీబోర్డు అయితే భజనకు వచ్చే పదిమందిలో ముగ్గురికి తెలుసు. నా దృష్టిలో సపోర్టు అంటే ఆ ముగ్గురూ, టీవీ మెకానిక్కూ. యమహా 2019 నుంచి చెన్నై దగ్గర ఫ్యాక్టరీ నడుపుతోంది, సంతోషమే. అంతమాత్రాన ఆ రబ్బరు పట్టీ హిందూపురం బజారులో వేలాడుతుందని కాదు.

అడాప్టరు గురించి ఒక మాట. యమహా కీబోర్డులకు వచ్చేవి ఎక్కువగా 12 వోల్టులు, పిన్ను లోపల ప్లస్. రోలాండ్ చిన్న పెట్టెలకు చాలావాటికి 9 వోల్టులు, లోపల మైనస్. రెండు పిన్నులూ ఒకేలా కనిపిస్తాయి. పట్టింది కదా అని పెట్టకండి. మా ఇంట్లో అడాప్టరు మీద గోళ్లరంగుతో గుర్తు పెట్టాను.

శబ్దం మాడ్యూలుది, ధర కీబోర్డుది, సపోర్టు చెరిసగం. ఇంతవరకూ అయితే మావాడి మాటే నెగ్గేదేమో. నన్ను కదలకుండా నిలబెట్టింది ఇంకొకటి, షాపువాళ్లు ఎవరూ చెప్పనిది. కీబోర్డుకు సొంత స్పీకరు ఉంటుంది.

మా చిన్నది ట్యూషన్ నుంచి ఏడుకు వస్తుంది. ఏడున్నరకు అన్నం. ఆ మధ్య దానికి దొరికేది ఇరవై నిమిషాలు. స్విచ్చు వేస్తుంది, వాయిస్తుంది. నాలుగు రోజులు ఆపకుండా వాయించిన పాట అయిదో రోజు తప్పు లేకుండా వస్తుంది. వంటింట్లో నాకు తెలిసిపోతుంది. మాడ్యూలు అయితే ముందు ట్రాన్స్‌ఫార్మరు, తర్వాత పెట్టె, కీబోర్డు, మిక్సరు, స్పీకర్లు, నాలుగు తీగలు. ఇవన్నీ అమర్చేసరికి ఇరవై నిమిషాలూ అయిపోతాయి. అదీ అన్న అనుమతి ఉంటే. తీగ పీకావనీ, సెట్టింగు మార్చావనీ గొడవ. ఆ పెట్టె ఇంటికి వచ్చినా అది వాడి సామానే. సంచిలో పెట్టుకుని పోతే దాంతో పాటే ఇంట్లో వాయింపు కూడా పోతుంది. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో కొన్న వస్తువుల్లో మగవాళ్లవి ఏవో, అందరివీ ఏవో నాకు తెలుసు. బండి కొన్నాం, నాకు నడపడం రాదు. పెద్ద ఫోను కొన్నాం, అది నా చేతికి వచ్చేది చార్జింగు పెట్టమన్నప్పుడే. పంట డబ్బులో ఆకు కోసిన నా చేతులూ ఉన్నాయి, సెలవుల్లో పిల్ల చేతులూ ఉన్నాయి. మీట వేస్తే పలికే వస్తువు కావాలన్నాను. ఒప్పుకుంటాను, ఈ మధ్య మధ్యాహ్నాలు నేనూ ఒక వేలితో సరిగమలు నొక్కుతున్నాను. నలభై నాలుగేళ్లకు. నవ్వుకోండి.

మావాడికి దీనివల్ల నష్టం జరిగింది, దాచను. మాడ్యూలు తెచ్చుకుంటే ప్రోగ్రాముకు వెయ్యి ఎక్కువ ఇస్తానని ఆర్కెస్ట్రా లీడరు మాట ఇచ్చాడు. సీజన్లో పన్నెండు ప్రోగ్రాములు అనుకున్నా పన్నెండు వేలు. రెండు మూడేళ్లలో పెట్టె ఖర్చు తీరేది. చదువు అయ్యాక ఇదే దారిలో పోతాడో ఏమో, అప్పుడు ఈ నెల గుర్తొస్తే నన్ను తిట్టుకుంటాడేమో. "నీ లెక్కంతా చెల్లి కోసమేనా అమ్మా?" అని అడిగాడు ఒక రాత్రి. కాదని చెప్పలేకపోయాను. మా ఆయన మధ్యలో కలగజేసుకుని, మిగిలిన పన్నెండు వేలూ చీటీలో వేద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. ఆ వారమే బెంగళూరాయన పెట్టె అమ్ముడుపోయింది.

ఐ500 తెచ్చాం. మావాడు రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు ఫోనుకు ఓటీజీ తగిలించి, ఏదో యాప్‌తో ఫోన్నే మాడ్యూలులా పలికించాడు. ఇక్కడ కేబులు బేరం కుదిరింది, ఫోను కంప్యూటరు పాత్ర వేసింది కాబట్టి. కీ నొక్కాక శబ్దం ఒక్క క్షణం ఆలస్యంగా వస్తోంది. నెమ్మదైన పాటలకు సరిపోతుందట, వేగం పెరిగితే కుదరదట. దాని మీదే కుస్తీ పడుతున్నాడు. పెనుకొండ కియా ఫ్యాక్టరీలో పనిచేసే మా అక్క కొడుకు తన పాత లాప్‌టాప్ ఇస్తానన్నాడు, దాంట్లో ఆలస్యం తగ్గించుకోవచ్చని వాడి ఆశ.

సోమవారం నుంచి గురువారం దాకా కీబోర్డు ఇల్లు కదలకూడదని క్యాలెండరు మీద రాసి పెట్టాను. నిన్న బుధవారం. లేపాక్షిలో రిసెప్షను ఉందని మావాడు మెల్లగా కవరు జిప్పు లాగుతున్నాడు. చిన్నది ఏమీ మాట్లాడలేదు. వెళ్లి క్యాలెండరు ముందు నిలబడింది. వాడు కాసేపు చూసి, తాత దగ్గరికెళ్లి కూర్చుని, "జేజినాయనా, మీ హార్మోనియం ఇస్తారా ఈ పూటకు?" అని అడిగాడు. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.